అరగంట దాటని పెళ్లి వీడియో: సుంకం తెచ్చిన తంటా

మొన్న కావలి దగ్గర మా బంధువుల పెళ్లి. మంగళసూత్రధారణ చక్కగా వచ్చింది. తలంబ్రాలు మంచి జోరు మీదుండగా స్టాండు మీది కెమెరాలో ఎర్రచుక్క ఆరిపోయింది. వీడియో తీసే కుర్రాడు రెండో కెమెరాతో క్లోజప్‌ల పనిలో ఉండి చూసుకోలేదు. తర్వాత లాప్‌టాప్‌లో చూస్తే ఫైలు సరిగ్గా 29 నిమిషాల 59 సెకన్ల దగ్గర ఆగిపోయింది. కార్డులో చోటుంది, బ్యాటరీలో చార్జింగ్ ఉంది. "వేడెక్కుంటాదన్నా" అన్నాడు.

వేడికి ఆగే కెమెరాలూ ఉన్నాయి గానీ అవి ఇంత లెక్కగా ఆగవు. అరగంటకు ఆ ఒక్క సెకను తగ్గడంలోనే కిటుకుంది.

చిన్న టేపుల క్యామ్‌కార్డర్ల (చేతి వీడియో కెమెరాల) రోజుల్లో క్యాసెట్ గంట నడిచేది. ఫొటో కెమెరాతో పెళ్లి వీడియో తీయొచ్చని అప్పుడెవరూ అనుకోలేదు. 2008లో నికాన్ డి90 వచ్చింది. డీఎస్ఎల్ఆర్‌లలో (లెన్సులు మార్చుకునే ఫొటో కెమెరాల్లో) వీడియో తీసిన మొదటిది అదే, అదీ హెచ్‌డీలో 5 నిమిషాల చొప్పున. అదే ఏడాది కానన్ 5డీ మార్క్ 2 వచ్చింది. లెన్సు వెనక బొమ్మను పట్టే సెన్సార్ పెద్దది కావడంతో వెనకాల జనం మసకబారి పెళ్లికూతురు ఒక్కతే తేటగా కనిపించేది. పెళ్లి స్టూడియోలకు ఇంకేం కావాలి? కాకపోతే హెచ్‌డీ క్లిప్పు 12 నిమిషాలకే ఆగేది. అప్పటి కార్డుల్లో ఒక్కో ఫైలు 4 జీబీ దాటే వీల్లేదు.

తర్వాతి మోడళ్లు ఫైలు నిండగానే కొత్త ఫైలు తెరుచుకోవడం నేర్చాయి. అప్పుడు అడ్డొచ్చింది ఐరోపా కస్టమ్స్. అప్పట్లో అక్కడ ఫొటో కెమెరాకు దిగుమతి సుంకం ఉండేది కాదు, వీడియో కెమెరాకు ఉండేది. రెండింటికీ తేడా ఏమిటంటే: 800x600 చుక్కలు (పిక్సెళ్లు) లేదా అంతకు మించిన నాణ్యతతో, సెకనుకు 23 ఫ్రేములకు తగ్గకుండా, ఏకబిగిన 30 నిమిషాలు తీయగలిగితే అది వీడియో కెమెరా కింద లెక్క. కంపెనీలు ఒక్క సెకను ముందే ఆపేసి సుంకం తప్పించుకున్నాయి. చాలా కంపెనీలు ఆ హద్దునే అన్ని దేశాల్లోనూ ఉంచేశాయి. ఎక్కడో ఐరోపా రేవులో మిగిలిన డబ్బుకు కావలిలో మా తలంబ్రాలు పోయాయి. ఇది సాంకేతిక అవసరం కాదనడానికి పానసోనిక్ జీహెచ్4 (2014) చాలు. ఐరోపా మోడల్‌కే హద్దు పెట్టి, మిగతా చోట్ల వదిలేశారు. క్యామ్‌కార్డర్లు కూడా అమ్ముకునే కంపెనీలకు ఈ హద్దు చేదేమీ కాదని నా అనుమానం.

2015 డిసెంబరులో నైరోబీలో 50కి పైగా దేశాలు 201 రకాల వస్తువుల మీద సుంకాలు ఎత్తేయడానికి ఒప్పుకున్నాయి. వాటిలో వీడియో కెమెరాలూ ఉన్నాయి. (ఆ ఒప్పందంలో మన దేశం చేరలేదు.) ఆ తర్వాత 2017లో పానసోనిక్ జీహెచ్5, 2019లో సోనీ ఏ6400 హద్దు లేకుండా వచ్చాయి. కానన్ మాత్రం తాపీగా కదిలింది. 2020 నాటి ఆర్6లో అదే 29:59, ఆ వరసలో 2022లో వచ్చిన ఆర్6 మార్క్ 2లో గానీ అది పోలేదు.

హద్దున్న పాత కెమెరాలు సెకండ్ హ్యాండ్‌లో ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి. మా కుర్రాడిదీ అలా కొన్నదే. ఇప్పుడు రికార్డింగ్ మొదలెట్టగానే ఫోన్‌లో 25 నిమిషాలకు అలారం పెట్టుకుంటున్నాడు. మేళాల హోరులో మోత వినపడదని వైబ్రేషన్‌లో పెట్టి, చొక్కా జేబులో వేసుకుంటున్నాడు.