కారు వణుకుతోందన్నారుగా, షాపుకెళ్లే ముందు ఇది చదవండి

ఒరేయ్ చిన్నోడా, అమ్మలూ,

నిన్న రాత్రి ఫోన్లో ఇద్దరూ ఒకేసారి మాట్లాడేసరికి నాకు సగమే అర్థమైంది, కారు వణుకుతోంది పెదనాన్నా అని ఒకళ్లు, ఎలైన్‌మెంట్ చేయిస్తే పోతుందంట అని ఇంకొకళ్లు. ఫోన్లో చెప్తే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తారని టైప్ చేస్తున్నా, కొత్త కళ్లజోడు ఇంకా కుదరలేదు, తప్పులుంటే సర్దుకోండి.

ముందు ఆ ఎలైన్‌మెంట్ సంగతి. అదంటే చక్రాల కోణాలు సరిచెయ్యడం. బండి ఒక పక్కకి లాగుతుంటేనో, టైరు ఒక అంచే అరిగిపోతుంటేనో ఎలైన్‌మెంట్. వణుకుడికి బ్యాలెన్సింగ్, అంటే రిమ్ముకి చిన్న సీసం ముక్కలు కొట్టి చక్రం బరువు చుట్టూ సమానం చెయ్యడం. రెండూ ఒకే బోర్డు మీద రాసుంటాయి కాబట్టి జనానికి రెండూ ఒకటే అయిపోయాయి, మీరెళ్లి వైబ్రేషన్ అంటే రెండిటికీ బిల్లేస్తారు, వాళ్లననడానికి కూడా లేదు.

ఆటోనగర్లో షెడ్డు నడిపినన్నాళ్లూ ఎవరు బండి తెచ్చినా నేను అడిగింది రెండే ముక్కలు, ఎప్పుడు వణుకుతోంది, ఎక్కడ తెలుస్తోంది. "ఎప్పుడూ వణుకుతూనే ఉందండీ" అనేవాళ్లు. అలా ఉండదురా, కాస్త గమనించాలి అంతే. నందిగామ దాటాక రోడ్డు ఖాళీగా ఉన్నచోట చూడు, 60లో ఏమీ లేదు, 80 దాటగానే స్టీరింగ్ అరచేతిలో జిలజిలమంటోంది, ఇంకాస్త పెంచితే మళ్లీ సర్దుకుంటోంది అంటే నూటికి తొంభై పాళ్లు ముందు చక్రాల బ్యాలెన్సే. స్టీరింగ్ బాగానే ఉండి సీటు కింద నుంచి వస్తే వెనక చక్రాలు. అనుమానం తీరకపోతే ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చు, వణుకుడు కూడా స్టీరింగ్ నుంచి సీటుకి మారిందా, దొంగ చక్రంలోనే ఉన్నాడు.

కొన్ని గ్రాముల సీసం ముక్కకి ఇంత గొడవేంటి అని అమ్మలు అడుగుతుంది, నాకు తెలుసు. మీ కారుకున్న 14 అంగుళాల చక్రం 90లో సెకనుకి దాదాపు 14 చుట్లు తిరుగుతుంది. రిమ్ము అంచున 20 గ్రాములు ఎక్కువుంటే ఆ స్పీడులో అది రెండున్నర కేజీల బరువుతో లాగినట్టు లాగుతుంది, ప్రతి చుట్టుకీ ఒకసారి. అదే 45లో ముప్పావు కేజీ కూడా ఉండదు, స్పీడు రెట్టింపైతే లాగుడు నాలుగింతలు. అందుకే ఊళ్లో తిరిగినంతసేపూ బుద్ధిగా ఉండి హైవే ఎక్కగానే బయటపడుతుంది.

ఇక్కడ నా పరువు తక్కువ కథ ఒకటి చెప్పాలి. వానాకాలంలో ఒకాయన పొలం నుంచి వచ్చాడు, స్టీరింగ్ అదిరిపోతోందని. నేను పెద్ద మొనగాడిలా చక్రాలు విప్పి మెషిన్ మీద పెట్టి, లెక్కేసి వెయిట్లు కొట్టి పంపించా. రెండ్రోజుల్లో మళ్లీ వచ్చాడు, ఈసారి ఇంకా ఎక్కువ అదురుతోందని. మా దగ్గర పనిచేసే కుర్రాడు చక్రం విప్పి రిమ్ము లోపలివైపు చెయ్యి పెట్టి ఒక పెచ్చు లాగాడు, నల్లరేగడి మట్టి, ఎండి రాయిలా ఉంది, అరచేయంత. మొదటిసారి నేను ఆ మట్టితో సహా బ్యాలెన్స్ చేశానన్నమాట, సగం మట్టి దారిలో రాలిపోయింది, నా వెయిట్లు మాత్రం అలాగే ఉన్నాయి. ఆ కుర్రాడు ఒక్క మాట అన్లేదు కానీ ఆ పెచ్చు తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు వెధవ. డబ్బులు తీసుకోకుండా కడిగి మళ్లీ చేసిచ్చా. మీరూ మొన్న ఊరెళ్లొచ్చారుగా, ముందు రిమ్ములు లోపలివైపు నీళ్లు కొట్టి కడగండి, దానికి పైసా ఖర్చు లేదు.

కడిగేటప్పుడే టైరు పక్కల చెయ్యి పెట్టి తడమండి. గుంతలో పడితే లోపల దారాలు తెగి ఒకచోట నిమ్మకాయలా ఉబ్బుతుంది, ఆ ఉబ్బు కనిపిస్తే బ్యాలెన్సింగ్ ఊసే వద్దు, స్టెప్నీ వేసుకుని మెల్లగా టైర్ షాపుకే. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. సెకండ్ హ్యాండ్ బండి కొన్నారు కాబట్టి ఇది చూడాల్సిందే, టైరు మీది గుండీలు అరగలేదని మురిసిపోతే లాభం లేదు.

బ్రేక్ తొక్కినప్పుడే అదిరితే చక్రాల జోలికెళ్లకండి, అది బ్రేక్ డిస్కు. మావాళ్లు వంగింది అంటారు గానీ చాలాసార్లు ఒకచోట మందం, ఒకచోట పలచన అయిపోతుంది. మందం ఇంకా ఉంటే లేత్ మీద సాపు చేస్తారు, డిస్కు మీదే కనీస మందం ఎంతో చాలా వాటికి కొట్టి ఉంటుంది, అంతకన్నా తగ్గితే రెండు వైపులా కొత్తవే.

యాక్సిలేటర్ తొక్కుతుంటే వణికి, కాలు తీయగానే ఆగిపోతే డ్రైవ్ షాఫ్ట్ (ఇంజన్ తిప్పుడుని చక్రానికి అందించే కడ్డీ) లోపలి జాయింట్ మీద అనుమానం, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టకటకమంటే బయటి జాయింట్. సిగ్నల్ దగ్గర నిలబడ్డప్పుడే వణికితే చక్రాలకి సంబంధమే లేదు, ఇంజన్ని పట్టి ఉంచే మౌంటింగ్ అయినా పోయుండాలి, లేకపోతే స్పార్క్ ప్లగ్గో, దాని కాయిలో పోయి ఒక సిలిండర్ సరిగా మండక మిస్సింగ్ కొడుతుండాలి. చక్రాలా, ఇంజనా అని తెలుసుకోవడానికి ఇంకో చిట్కా, ఖాళీ రోడ్డు మీద వణికే స్పీడులో క్లచ్ తొక్కి చూడు, వణుకుడు అలాగే ఉంటే చక్రాల వైపు, పోతే ఇంజన్ వైపు. తాళం చెవి మాత్రం ముట్టుకోకు, స్టీరింగ్ బిగుసుకుపోతుంది.

ఒక్కటి మాత్రం భయపడాల్సిందే. పంచర్ వేయించాకో, టైర్లు మార్చాకో కొత్తగా వణుకుడు మొదలైతే వెంటనే పక్కన ఆపి నట్లు చూడండి. ఎదురెదురుగా బిగించాలి, వరసగా గుండ్రంగా కాదు, 50, 100 కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి చూసుకోవాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కింద దూరొద్దు.

ఆదివారం పొద్దున్నే వస్తున్నా. రిమ్ములు కడిగాక ఒక రౌండేసి ఏ స్పీడులో, ఎక్కడ తెలిసిందో చీటీ మీద రాసి పెట్టండి, ఆ ఒక్క రౌండు తప్పిస్తే నేనొచ్చేదాకా 60 దాటొద్దు. పెద్దమ్మ మాగాయ పంపిస్తానంటోంది, ఖాళీ సీసా రెడీగా పెట్టండి.

మీ పెదనాన్న