వేలాడే కాక్టస్ నీలంగా ఎందుకు పూయదు?

ఆపొరోఫిల్లం అనే వేలాడే కాక్టస్ గులాబీ, ఎరుపు, నారింజ, ఊదా... అన్ని రంగుల్లోనూ పూస్తోంది గానీ నీలం మాత్రం ఎక్కడా కనబడదేమని ఒక పాఠకురాలు అడిగారు. ప్రశ్న చిన్నదే, జవాబు మాత్రం జీవరసాయనం లోతుల్లో ఉంది.

ముందు మొక్క సంగతి. మెక్సికోలో రాళ్ల మీద, చెట్ల మీద సన్నటి తోకల్లా వేలాడే ఎలుకతోక కాక్టస్‌కు 1753లో లినేయస్ శాస్త్రీయనామం పెట్టాడు. దాన్ని పెద్ద పువ్వుల ఎపికాక్టస్‌లతో కలిపితే పుట్టినవే ఈ ఆపొరోఫిల్లం సంకరాలు. వేలాడే గుణం ఒకరిది, పువ్వు వెడల్పు ఇంకొకరిది. ప్రజాతులు వేరైనా తెగ ఒకటే కాబట్టి సంకరం కుదురుతుంది. డ్రాగన్‌ఫ్రూట్ కూడా ఆ తెగదే.

ఇక రంగు. పువ్వుల రంగు అనగానే ఆంథోసయనిన్ అనే వర్ణకం (రంగు పదార్థం) అని చెప్పి పాఠం ముగించేయడం మన బళ్లలో అలవాటు. కాక్టస్ కుటుంబం దగ్గర ఆ పాఠం చెల్లదు. ఇక్కడ రంగులన్నీ బీటలైన్‌లనే మరో జాతి వర్ణకాలవి: బీట్‌రూట్‌లో, కాగితపుపువ్వులో, చంద్రకాంతలో ఉండేవే. ఆంథోసయనిన్, బీటలైన్ రెండూ సహజంగా ఒకే మొక్కలో ఇంతవరకూ కనబడలేదు. బీటలైన్ తయారీ టైరోసిన్ అనే అమైనో ఆమ్లంతో మొదలై, డోపా అనే మధ్య దశ పదార్థం మీదుగా బెటలామిక్ ఆమ్లానికి చేరుతుంది. ఆ ఆమ్లానికి డోపా నుంచే పుట్టే సైక్లోడోపా తగులుకుంటే ఎర్రటి బీటాసయనిన్, ఏదైనా అమైనో ఆమ్లం తగులుకుంటే పసుపుపచ్చని బీటాజాంథిన్. రెండే రంగు డబ్బాలున్న పెయింటర్ అనుకోండి: మొదటిది పలచనైతే గులాబీ, చిక్కనైతే ఊదా, రెండూ కలిస్తే నారింజ, రెండూ లేకపోతే తెలుపు.

నీలం ఎందుకు రాదంటే, బీటాసయనిన్ సుమారు 540 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర ఆకుపచ్చ కాంతిని మింగుతుంది. బీటాజాంథిన్ 480 దగ్గర నీలాన్నే మింగేస్తుంది. నీలంగా కనబడాలంటే 600 దగ్గరి నారింజ కాంతిని మింగాలి. ఆంథోసయనిన్‌కు ఆ వెసులుబాటుంది: ఆమ్లత్వం మారినా, లోహ అయాన్లు తోడైనా రంగు జరుగుతుంది. శంఖుపువ్వు నీళ్లలో నిమ్మరసం పిండితే నీలం కాస్తా ఊదా అవుతుంది. అదే నిమ్మరసం బీట్‌రూట్ రసంలో పిండి చూడండి, దాదాపు ఏ మార్పూ ఉండదు. 2020లో సావో పాలో విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు బెటలామిక్ ఆమ్లానికి పైరోల్ అనే రకం చిన్న అణువును అతికించి నీలం వర్ణకం చేశారు. అది గాజుగొట్టంలో జరిగిన పని. కాబట్టి ‘నీలం కాక్టస్ విత్తనాలు’ అని ఆన్‌లైన్‌లో ఫొటో కనబడితే, అది కంప్యూటర్లో పూసిన పువ్వు.

ఇంకో భ్రమ కూడా ఉంది, కాక్టస్ రాత్రి ఆక్సిజన్ వదులుతుందని. రాత్రి అది పీల్చేది కార్బన్ డయాక్సైడ్‌ని. దాన్ని మాలిక్ ఆమ్లంగా దాచుకుని పగలు వాడుకుంటుంది. ఆక్సిజన్ తయారీకి వెలుగు కావాల్సిందే.

పెంపకం కష్టమేం కాదు. నీరు నిలవని గుల్లమట్టి, వేలాడే కుండీ, మండుటెండ కాని మంచి వెలుతురు చాలు. చలికాలంలో చల్లగా, కాస్త పొడిగా ఉంచితే మొగ్గలు బాగా వస్తాయి. మొగ్గ కట్టాక కుండీ చోటు మార్చకండి, రాలిపోతాయి. నచ్చిన రంగు అచ్చంగా కావాలంటే కొమ్మ ముక్కే నాటాలి. కోసిన చోటు ఎండనిచ్చి మరీ నాటండి. విత్తనం వేస్తే ఏ రంగు వస్తుందో చెప్పలేం. కొత్త రంగు పుట్టించాలన్న సరదా ఉంటే పక్కన మరో రకం కూడా పూసి ఉండాలి, సాధారణంగా ఇవి సొంత పుప్పొడితో కాయ కట్టవు. ఆ మొలక పూయడానికి కొన్నేళ్లు పడుతుంది, ఏ రంగులో పూసినా ఆ రెండు డబ్బాల్లోంచే.