కాటన్ విమానాలు, నిజాం డబ్బు

సెప్టెంబర్ 17 వస్తే చాలు, హైదరాబాద్‌లో విమోచనమా, విలీనమా అన్న వాదన మొదలవుతుంది. అందులో నిజాం ఉంటాడు, ఖాసిం రజ్వీ ఉంటాడు, పటేల్ ఉంటాడు. సిడ్నీ కాటన్ మాత్రం ఉండడు. ఆ రోజుల్లో గూఢచారి సినిమాకు సరిపోయే కథ ఏదైనా ఉందంటే అది ఈయనదే. కాటన్ అనగానే మనకు ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన దొర గుర్తొస్తాడు. ఈయన వేరే, ఆస్ట్రేలియా నుంచి వచ్చిన పైలట్.

1939లో, రెండో ప్రపంచయుద్ధానికి కొద్ది నెలల ముందు, బ్రిటన్ గూఢచార సంస్థ ఎంఐ6 ఈయన్ను ఒక లాక్‌హీడ్ విమానంలో జర్మనీకి పంపింది. పైకి చూస్తే వ్యాపారం పనిమీద తిరిగే పెద్దమనిషి. విమానం అడుగున మాత్రం కెమెరాలు, అవి కనబడకుండా జారే మూతలు. పైన చలికి లెన్సులు మసకబారకుండా క్యాబిన్‌లోని వెచ్చటి గాలి వాటి మీదుగా వెళ్లే ఏర్పాటు కూడా చేశాడు. కింది నుంచి చూసేవాళ్లకు ఆకాశంలో కలిసిపోయేలా విమానానికి లేత రంగు వేయించాడు. యుద్ధం వచ్చాక వైమానిక దళం ఫొటోల విభాగాన్ని ఆయనకే అప్పగించారు. పై అధికారులతో పడక 1940లోనే పక్కకు తప్పించారు.

1948లో అదే మనిషి హైదరాబాద్ వ్యవహారంలో తేలాడు.

అప్పటికి భారత ప్రభుత్వానికీ, నిజాంకూ మధ్య యథాతథ ఒప్పందం ఉంది, అంటే విలీనం సంగతి తేలేదాకా పాత ఏర్పాట్లే సాగాలని. 1947 నవంబర్ 29న కుదిరింది, గడువు ఏడాది. ఢిల్లీ ప్రతినిధిగా కె.ఎం. మున్షీ బొల్లారంలో మకాం పెట్టాడు. ఒప్పందాన్ని మీరు తప్పారంటే మీరు తప్పారని రెండు వైపులా ఆరోపణలు. నిజాం ప్రభుత్వం పాకిస్తాన్‌కు 20 కోట్ల రూపాయల అప్పు ఇవ్వడం, సంస్థానంలో భారత కరెన్సీ చెల్లదనడం ఢిల్లీకి మంట పుట్టించాయి. నిజాం వైపేమో సరుకులూ ఆయుధాలూ రానివ్వడం లేదని గోల. సంస్థానానికి సముద్రం లేదు, చుట్టూ భారతదేశమే. తుపాకీ రావాలంటే ఆకాశం ఒక్కటే దారి.

ఆ దారి కాటన్‌కు కొట్టిన పిండి. లాంకాస్టర్ బాంబర్‌నే పౌర విమానంగా మార్చిన లాంకాస్ట్రియన్లలో కరాచీ నుంచి ఆయుధాలు ఎక్కించి, రాత్రిపూట బీదర్, వరంగల్ ఎయిర్‌ఫీల్డుల్లో దింపేవారు.

సినిమాలో అయితే ఇక్కడి నుంచి ఆ తుపాకులే కథ నడుపుతాయి. కానీ నల్లగొండ, వరంగల్ పల్లెల్లో వడిసెలలతో, గుత్పలతో మొదలైన పోరాటం అప్పటికే నిజాం పాలనను లోపలి నుంచి గుల్ల చేసింది. దాన్ని నిలబెట్టడం ఏ విమానం వల్లా అయ్యే పని కాదు. జిన్నా సెప్టెంబర్ 11న చనిపోయాడు, 13న భారత సైన్యం సరిహద్దు దాటింది. పేరుకు పోలీసు చర్యే, వచ్చింది మాత్రం ట్యాంకులు. బీదర్, వరంగల్ ఎయిర్‌ఫీల్డుల మీద బాంబులు పడ్డాయి. 17న నిజాం చేతులెత్తేశాడు, 18న ఆయన సేనాని ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురికి లొంగిపోయాడు. కాటన్‌కు బ్రిటన్ కోర్టు వేసిన శిక్ష 200 పౌన్ల జరిమానా. అంతే!

అసలు మలుపు లండన్‌లో ఉంది. లొంగుబాటు జరిగిన రోజుల్లోనే నిజాం మంత్రి మొయిన్ నవాజ్ జంగ్ అక్కడి బ్యాంకులో ఉన్న పది లక్షల పౌన్లకు పైగా సొమ్మును పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాకు మార్పించాడు. నా అనుమతి లేకుండా జరిగింది, వెనక్కివ్వండి అని నిజాం అడిగాడు. బ్యాంకు ఎవరికీ ఇవ్వకుండా అట్టే పెట్టింది. డెబ్బై ఏళ్లకు అది దాదాపు మూడున్నర కోట్ల పౌన్లయింది. ఆ సొమ్ము తమకు ఎందుకు చెందాలో లండన్ హైకోర్టులో చెబుతూ పాకిస్తాన్ ఆ ఆయుధాల రవాణా సంగతే ముందుకు తెచ్చింది. దానికైన ఖర్చు కిందే ఈ డబ్బు వచ్చిందని వాదించింది. జడ్జి ఒప్పుకోలేదు. 2019 అక్టోబర్ 2న తీర్పు నిజాం వారసులకూ, భారత ప్రభుత్వానికీ అనుకూలంగా వచ్చింది.