కొంగున మిగిలిన పైసలు

చిన్నీ, బాబీ,

మీ ప్రశ్న రెండు రోజులుగా నా బుర్ర తినేస్తోంది. సర్వర్లు, అంటే పెద్ద పనులకి వాడే కంప్యూటర్లు, తయారుచేసే సూపర్ మైక్రో అనే కంపెనీ అమ్మకాలు రెట్టింపు దాటాయి, లాభమూ పెరిగింది. అయినా 2024 ఆగస్టు 7న షేరు ఒక్కరోజులో ఐదో వంతు పడిపోయిందేం తాతయ్యా, అన్నారు.

మా అమ్మ పాలు పోసేది. రెండు గేదెలు. వాడుక ఇళ్లకి చెంబు మోయడం, ఎన్ని సోలలు పోశామో గోడమీద బొగ్గుతో గీతలు గీయడం నా పని. ఒకసారి రెండు గీతలు ఎక్కువ గీసి, ఆ డబ్బులతో జీళ్లు కొనుక్కుని, మూడు రోజులు అమ్మ మొహం చూడలేకపోయాను. మీరలా చెయ్యకండి.

ఓసారి ఊళ్లో పెద్ద పెళ్లి. పెరుగంతా తనే పోస్తానని అమ్మ ఒప్పుకుంది. మా గేదెలు అన్ని పాలెక్కడిస్తాయి? ఇరుగింట్లో కొంది. అడిగేవాళ్లెక్కువ కాబట్టి వాళ్లు చెప్పిందే ధర. పెళ్లివారేమో పెద్ద బేరం కదా, తగ్గించమన్నారు. రాత్రి కొంగుముడి విప్పి లెక్కేస్తే మామూలు రోజుకంటే కాస్త ఎక్కువే మిగిలింది. చాకిరీ మాత్రం నాలుగింతలు.

అమెరికాలో శాన్‌హోజేలోని ఆ కంపెనీదీ ఇదే కథ. సర్వర్లలో ఖరీదైన చిప్పులు ఎన్విడియా అనే వేరే కంపెనీవి. అవి ఇరుగింటి పాలు. పెళ్లివారు పెద్దపెద్ద డేటా సెంటర్లవాళ్లు, అంటే సర్వర్లని వేలల్లో ఒకచోట పెట్టి నడిపేవాళ్లు. ధర తగ్గించి ఇవ్వకపోతే, పక్క వీధిలో డెల్ అనే పోటీ కంపెనీ ఉంది. 2023 జూన్‌తో ముగిసిన మూడు నెలల్లో అమ్మకం 218 కోట్ల డాలర్లు, ఏడాది తిరిగేసరికి 531 కోట్లు. నికరలాభం 19.4 కోట్ల నుంచి 35.3 కోట్లయింది. కానీ నూరు డాలర్ల సరుకు అమ్మితే, ఆ సరుకు ఖర్చు పోను 17 మిగిలే చోట 11.20 మిగిలింది. జీతాలూ అందులోంచే. షేర్లు కొనేవాళ్ల కన్ను ఆ అంకె మీదే పడింది.

ఇంకోటి. ఆ సర్వర్లు తెగ వేడెక్కుతాయట. ఫ్యాన్ల గాలి చాలక గొట్టాల్లో ద్రవం పారించి చల్లబరుస్తున్నారు. మా గేదె కూడా ఎండెక్కితే చెరువులో మెడదాకా దిగిపోయేది, ఎంత పిలిచినా లేచేది కాదు. దానికి చెరువు ఊరికే దొరికింది. వీళ్లకి గొట్టాల సామాను కొత్తల్లో ఖర్చయి, మిగులుని అదీ కొంత తినేసింది.

ఒక్క లెక్కకే అంత భయమా అని మొదట నవ్వుకున్నాను. మిగులు మళ్లీ కుదురుకుంటుందని కంపెనీ అంది కూడా. మరుసటేడు జూన్‌కి అది 9.5కి దిగింది. నా నవ్వు ఆగింది.

రేపు పొద్దున పాలబ్బాయి వస్తే ఎన్ని లీటర్లు పోస్తున్నావని అడక్కండి. ముందు కాసిని మంచినీళ్లిచ్చి, తవుడు బస్తా ఎంతయిందో అడగండి.

మీ తాతయ్య