ఇల్లు కట్టే ఏడు, పెళ్ళి చేసే ఏడు

చిట్టితల్లికి, చిన్నోడికి,

తాత దీవెనలు. సంక్రాంతి ముగ్గులు వాకిట్లో ఇంకా చెరగలేదు, మీరు మాత్రం కావలి బస్సెక్కి వెళ్ళిపోయారు. వెళ్ళిన మర్నాడే చిట్టితల్లి ఫోన్ చేసి అడిగింది: "తాతా, నెలరోజుల నుంచి మన పెరట్లో బంగినపల్లి చెట్టుకి రోజూ రెండు బకెట్లు నీళ్ళు పోస్తున్నా. ఒక్క పూత రాలేదు. పక్కింటోళ్ళు చుక్క కూడా పోయలేదు, వాళ్ళ బెంగుళూర మామిడి నిండా పూసింది. మన చెట్టుకి నామీద కోపమా?" ఫోన్‌లో చెబితే సగం మరిచిపోతారని రాస్తున్నా.

కోపం లేదు తల్లీ. ముందు మీ చెట్టు కొమ్మ చివర చూడు. అక్కడ ఒక మొగ్గ ఉంటుంది. ఆ మొగ్గలోంచి చిగురన్నా రావాలి, పూతన్నా రావాలి. చాలావరకు రెంటిలో ఏదో ఒకటే. మీ చెట్టు మొగ్గలు చిగురు వైపు వెళ్ళాయి. రాగి రంగులో, తడిబట్టలా వేలాడుతున్న లేతాకులు కనిపిస్తున్నాయని నువ్వే చెప్పావు కదా.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అని మనవాళ్ళు అంటారు. చెట్టుకి చిగురు వెయ్యడమంటే ఇల్లు కట్టడం. పూసి కాయడమంటే పెళ్ళి చెయ్యడం. పోయిన వేసవి గుర్తుందా? కాయల బరువుకి కొమ్మలు నేలకి వంగితే మీ నాన్న వాసాలు పోటు పెట్టాడు. వీధి వీధంతా పంచారు. అంత పెళ్ళి చేసిన ఇంట్లో గాదె ఖాళీ. జూన్, జులై వానలకి వెయ్యాల్సిన చిగురు వెయ్యడానికి దానికి ఓపిక లేదు. వానాకాలంలో వచ్చి, ముదిరి, ఆకు నల్లపచ్చగా తిరిగిన కొమ్మలే చలికాలంలో పూస్తాయి. మీ చెట్టుకి అలాంటి కొమ్మలు ఈ ఏడు తక్కువ. బంగినపల్లి రుచిలో రాజే, 2017లో భౌగోళిక గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతపు సరుకని ప్రభుత్వం వేసే ముద్ర, కూడా తెచ్చుకుంది. కానీ ఒక ఏడు విరగకాస్తే మరుసటి ఏడు తగ్గడం దాని తీరు. బెంగుళూర అలా కాదు, ఏటా ఎంతో కొంత కాస్తుంది. అది చిన్న పెళ్ళిళ్ళు చేసుకునే సంసారం.

ఇక నీ నీళ్ళ సంగతి. పెళ్ళి పెట్టుకున్న ఇల్లు ముందు రెండు నెలలు ఖర్చు బిగబట్టుకుంటుంది. మామిడి కూడా అంతే, పూతకి ముందు రెండు నెలలు దాహంతో, చలిలో ఊరికే ఉండాలి. అప్పుడు నీళ్ళు పోస్తే చేతిలో డబ్బు పడ్డ మేస్త్రీలాగా ఇల్లు కట్టడం మొదలుపెడుతుంది. మన నెల్లూరు వైపు అసలు వానలే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి కాబట్టి ఈ కష్టం ఇంకా ఎక్కువ. ఉలవపాడు వైపు ఇసక నేలల్లో నీరు నిలవదు, వాన వెళ్ళగానే వేరు ఆరుతుంది. అక్కడ మామిడికి అంత పేరు రావడానికి అదీ ఒక కారణమని నా నమ్మకం.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా నాయన తోటలో పన్నెండు అంటు మొక్కలు నాటాడు. రెండో చలికాలానికే అవి పూశాయి. నా నడుమెత్తు లేని మొక్కలకి పూత! నాయన ఒక్కో మొక్క దగ్గర కూర్చుని పూతంతా తుంచేస్తుంటే నాకు ఏడుపొచ్చింది. చివరి మొక్కకి ఒక గుత్తిని ఆకుల చాటున దాచాను. దానికి ఒక పిందె నిలిచింది. నిమ్మకాయంత అయ్యాక నాయన కంటబడింది. కోప్పడలేదు. వానాకాలం పోయాక నన్ను తీసుకెళ్ళి ఆ మొక్క పక్కన నిలబెట్టాడు. మిగతా పదకొండూ నా తల దాటిపోయాయి, అది నా నడుము దగ్గరే ఆగిపోయింది. "ఇల్లు లేనివాడికి పెళ్ళి చేశావు నాయనా" అన్నాడు. అంటు మొక్కకి మొదటి మూడేళ్ళు పూత తుంచెయ్యాలని నాకు అలా తెలిసింది. ప్రేమ ఒక్కటే సరిపోదు పిల్లలూ, చెట్టుకి ఏది ఎప్పుడు కావాలో కూడా తెలుసుకోవాలి.

కాబట్టి నీళ్ళు ఇక ఆపండి. అక్కడక్కడా పూత వచ్చి బఠాణీ గింజంత పిందె కనబడితే అప్పుడు మొదలుపెట్టండి. పోసేది మాను మొదలు దగ్గర కాదు. మిట్టమధ్యాహ్నం చెట్టు నీడ అంచు ఎక్కడ పడుతుందో అక్కడ చుట్టూ పాదు తీసి పోయండి, నీళ్ళు తాగే సన్నవేళ్ళు అక్కడే ఎక్కువ. జూన్‌లో నేనొస్తా. ఎండుపుల్లలు తీసేసి, తొలి వానకి పశువుల ఎరువు వేద్దాం.

ఇప్పుడు ఇంకో పని. చలి వచ్చిన సంగతి ముందు ఆకులకి తెలుస్తుంది, ఆకులే ఆ కబురు మొగ్గకి పంపుతాయి. నోరు లేని ఆకు, కళ్ళు లేని మొగ్గ, ఆ రెండూ మాట్లాడుకుంటాయి! ఇంతకంటే నేను చెప్పడం కన్నా మీరు చూడటం మేలు. పొద్దున్నే పక్కింటి అత్తనడిగి ఒక్క పూగుత్తి తెచ్చుకోండి. తెల్లటి తువాలు మీద దులిపి, చిన్నోడి భూతద్దంతో చూడండి. కొన్ని పూల నడుమ ఆవగింజకంటే చిన్న పచ్చని గుండు ఉంటుంది. కొన్నింటిలో ఉండదు. గుండు ఉన్న పువ్వే కాయ కాగలదు. వందల పూలున్న గుత్తిలో చివరికి నిలిచేది ఒకటో రెండో.

ఆ పూత మీద ఈగలు వాలితే తోలకండి. పుప్పొడి మోసేవాళ్ళలో తేనెటీగలతో పాటు అవీ ఉన్నాయి. గుండున్నవి ఎన్ని, లేనివి ఎన్ని, లెక్కపెట్టి ఆదివారం నాకు ఫోన్ చెయ్యండి.

మీ తాత