నూరు దాటే లెక్క

తాడిపత్రికి దగ్గర్లోని ఒక పల్లెలో ఇద్దరు అన్నదమ్ములకు ఉమ్మడి బోరు ఉంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే అనంతపురం జిల్లాలో ఉమ్మడి బోరంటే సగం ఉమ్మడి తగాదా కూడా. కరెంటు వచ్చిన వేళకు పోయి స్టార్టర్ వేయాలి, ఫ్యూజు పోతే కట్టాలి, గేట్ వాల్వు తిప్పి నీళ్ల వంతు మార్చాలి. "పది దినాల్లో ఎనిమిది దినాలు నేనే పోతాండా" అంటాడు అన్న. "నేను ఆరు దినాలకు తక్కువ పోను, అన్న లేసే పొద్దుకు మడి తడిసుంటాది" అంటాడు తమ్ముడు. ఇద్దరి లెక్కా కలిపితే పది రోజులు పద్నాలుగవుతాయి. ఎవరో ఒకరు అబద్ధమాడుతున్నారని ఊరు తేల్చేసింది కానీ, నాకు అలా తోచదు.

కెనడాలోని మైకేల్ రాస్, ఫియోర్ సికోలీ అనే పరిశోధకులు 1979లో ప్రచురించిన అధ్యయనంలో 37 జంటలకు వంట, పిల్లల పెంపకం వంటి 20 అంశాలిచ్చి, ఒక్కోదానిలో తమ వాటా ఎంతో భార్యాభర్తలను విడివిడిగా గుర్తించమన్నారు. ఎక్కువ జంటల్లో రెండు వాటాల మొత్తం నూరు శాతం దాటింది. ఇది వట్టి గొప్పలు చెప్పుకోవడమైతే మంచి పనుల్లోనే కనిపించాలి. కానీ గొడవలకు కారణం కావడం వంటి చెడ్డ విషయాల్లో సైతం ఎవరికి వారు తమ వాటానే ఎక్కువగా చూపారు. అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని గట్టు మీద నడిచిన నడక నడిచినవాడి జ్ఞాపకంలో చలితో, పాముల భయంతో సహా నిలిచి ఉంటుంది. నిద్రపోతున్న రెండోవాడికి ఆ నడక జరిగినట్టే తెలియదు. లెక్క వేసే వేళకు చేతికి ముందుగా తగిలేది సొంత జ్ఞాపకమే.

తాడిపత్రి బండల పాలిష్ యూనిట్లలో తగాదా ఇంకో దారిన మొదలవుతుంది. లారీకెత్తేటప్పుడు నల్లబండ మూల విరిగిందనుకుందాం. కోత మిషన్ దగ్గర నిలబడినవాడికి కనిపించేది హమాలీ చేయి జారడం, కాబట్టి అతని తీర్పు "వీనికి పని మీద ధ్యాస లేదు". హమాలీకి తెలిసినవి తడి బండ, అరిగిన చెప్పు, వెనకనుంచి తొందరపెడుతున్న డ్రైవరు. మన పనికి పరిస్థితులనూ, ఎదుటివారి పనికి వారి స్వభావాన్నీ కారణంగా చూపుతామని 1971లో ఎడ్వర్డ్ జోన్స్, రిచర్డ్ నిస్బెట్ ప్రతిపాదించారు. ఈ సూత్రాన్ని పాఠ్యపుస్తకాలు చాలాకాలం ప్రశ్నించకుండానే మోశాయి. 2006లో బెర్ట్రమ్ మాలె 173 అధ్యయనాలను కలిపి చూస్తే, సగటున ఆ తేడా దాదాపు లేనేలేదు. చెడు జరిగిన సందర్భాల్లో మాత్రం నిలిచింది. బండలన్నీ క్షేమంగా లారీ ఎక్కిన రోజున హమాలీ స్వభావం గురించి ఎవరూ మాట్లాడుకోరు కదా.

తగాదా ముదరడానికి శరీరం స్థాయిలోనే ఒక పోలిక దొరుకుతుంది. 2003లో లండన్‌లో సుఖ్విందర్ షెర్గిల్ బృందం ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి, ఒక పరికరం ద్వారా ఒకరి వేలిని ఒకరు వంతులవారీగా నొక్కమంది. తనకు తగిలినంత ఒత్తిడినే తిరిగి ఇవ్వాలన్నది నియమం. ఇద్దరూ నియమం పాటిస్తున్నామనే అనుకున్నా, ఒత్తిడి వంతు వంతుకూ సుమారు 38 శాతం పెరిగింది. తాను కలిగించే స్పర్శను మెదడు ముందే అంచనా వేసి తగ్గించి చూపుతుంది, ఎదుటివాడి స్పర్శకు ఆ తగ్గింపు ఉండదు. వేలికీ మాటకూ నేరుగా సమీకరణం కట్టడం తొందరపాటే కానీ, "వాడన్నంతే నేనూ అన్నా" అని ప్రమాణం చేసేవారిని చూసినప్పుడల్లా నాకు ఆ వేళ్లే గుర్తొస్తాయి.

అయితే ప్రతి తగాదానూ చూపుల తేడాగా కొట్టిపారేయడం యజమానులకు బాగా అనుకూలించే పొరపాటు. హమాలీకి ఒప్పుకున్న కూలి ఇవ్వకపోతే అక్కడ ఉన్నది ఎగవేతే, దృక్కోణం కాదు.

బోరు దగ్గర ఇప్పుడు స్టార్టర్ గది గోడమీద బొగ్గుతో గీతలు పడుతున్నాయి, అన్నవి ఎడమన, తమ్ముడివి కుడిన. ఎవరు ఎన్నిసార్లు పోయారన్న గొడవ తగ్గింది. పోయేసరికి కరెంటు తీసేస్తే, ఆ వట్టి నడకకు గీత గీయాలా వద్దా అన్నది ఇంకా తెగలేదు.