మద్యం ఎన్ని గంటలకు "దిగిపోతుంది"? అపోహలు - వాస్తవాలు

ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేసే నన్ను జనం అడిగే ప్రశ్నల్లో, అన్నిటికంటే తగ్గు గొంతుతో అడిగేది ఒకటుంది. సూది కోసం చెయ్యి చాపి, పక్కవాళ్ళకు వినపడకుండా, "మొన్న రాత్రి కొద్దిగా తీసుకున్నానండీ, ఇప్పుడు రక్తమిస్తే తెలిసిపోతుందా?" అంటారు. ఉద్యోగంలో చేరబోయేవారు, బీమా పరీక్షకు వచ్చినవారు, ఆపరేషన్‌కు సిద్ధమవుతున్నవారు, అందరూ అడుగుతారు. వాళ్ళ ఆందోళన నాకు అర్థమవుతుంది. 12 గంటలని ఒకరు, 3 రోజులని ఒకరు, 80 గంటలని మరొకరు, ఏ పరీక్ష గురించి చెబుతున్నారో కూడా చెప్పకుండా అంకెలు పంచిపెట్టేవారి మీద మాత్రం నాకు ఓపిక మిగల్లేదు.

ఈ అంకెల గందరగోళానికి మూలం ఒక్కటే. ఒంట్లో ఉన్న మద్యం వేరు, అది పోయాక మిగిలే ఆనవాళ్ళు వేరు. మద్యంలో 90 శాతానికి పైగా కాలేయమే విరిచేస్తుంది, శ్వాసలో, మూత్రంలో, చెమటలో యథాతథంగా బయటికి పోయేది చాలా కొద్ది. మిగతా చాలా పదార్థాల్లా సగం, సగంలో సగం అన్న లెక్కన కాకుండా, మద్యం దాదాపు స్థిరమైన వేగంతో తగ్గుతుంది. ఈ లెక్కను స్వీడన్ శాస్త్రవేత్త ఎరిక్ విడ్‌మార్క్ 1932లో ప్రచురించిన తన గ్రంథంలో వివరించారు. సగటు మనిషిలో గంటకు 100 మిల్లీలీటర్ల రక్తంలో 15 నుంచి 20 మిల్లీగ్రాములు తగ్గుతుంది. అర్ధరాత్రి 150 మిల్లీగ్రాములతో పడుకున్నవారికి గంటకు 15 చొప్పున తగ్గినా, ఉదయం ఆరింటికి ఇంకా 60 మిల్లీగ్రాములు మిగిలే ఉంటాయి, సున్నాకు రావడానికి పదవుతుంది. ఆరు గంటలు నిద్రపోయాం కాబట్టి అంతా దిగిపోయిందనుకుని బండి తీసేవారు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

రక్తంలోను, శ్వాసలోను నేరుగా మద్యాన్నే కొలిచే పరీక్షల గడువు ఈ కొద్ది గంటలే. మూత్రంలో దానికంటే కాస్త ఎక్కువసేపు కనిపిస్తుంది. ఆనవాళ్ళ సంగతి అలా కాదు. మద్యాన్ని కాలేయం మార్చేటప్పుడు తయారయ్యే ఇథైల్ గ్లూకురోనైడ్ అనే పదార్థం మూత్రంలో కొద్దిగా తాగినవారిలో ఒకటి రెండు రోజులు, బాగా తాగినవారిలో మూడు రోజులు దాటి, కొందరిలో ఐదు రోజుల వరకు దొరుకుతుంది. ఆ 80 గంటల అంకె ఈ పరీక్షదే, అదీ కచ్చితమైన గడువు కాదు. ఎర్ర రక్తకణాల పొరలో తయారయ్యే ఫాస్ఫటిడైల్ ఇథనాల్, ఎడతెగక తాగేవారిలో రెండు నుంచి నాలుగు వారాలు నిలుస్తుంది. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి కుదురు దగ్గరి మూడు సెంటీమీటర్లు దాదాపు మూడు నెలల చరిత్ర చెబుతాయి. కనుక "ఎన్ని గంటలు" అని అడిగేముందు "ఏ పరీక్ష" అని అడగాలి.

ఇంకో మాట. మామూలు హెల్త్ చెకప్‌లో రక్తం తీసిన ప్రతిసారీ మేము మద్యం కొలవము. వైద్యుడు ప్రత్యేకంగా రాస్తేనే ఆ పరీక్ష జరుగుతుంది. లిపిడ్ ప్రొఫైల్‌కు ముందురోజు తాగవద్దని చెప్పేది పట్టుకోవడానికి కాదు, తాగితే ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు రక్తంలో పెరిగి, ఆ అంకె చూసి అక్కర్లేని మందు మొదలుపెట్టే ప్రమాదం ఉంది కాబట్టి చెబుతాము.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మనుషుల ప్రాణం మీదికి తెచ్చే అపోహ గంటల లెక్కలో లేదు. "పరీక్షకు రెండు మూడు రోజుల ముందు పూర్తిగా మానేస్తే చాలు, డాక్టరుకు చెప్పనక్కర్లేదు" అన్న నమ్మకంలో ఉంది. ఎప్పుడో ఒకసారి తాగేవారికి దీనివల్ల పెద్దగా హాని జరగకపోవచ్చు. ఏళ్ళ తరబడి ప్రతిరోజూ తాగేవారి విషయంలో మాత్రం ఇది అత్యంత ప్రమాదకరమైన సలహా.

చాలా ఏళ్ళ క్రితం నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో యాభై దాటిన ఒకాయన హెర్నియా ఆపరేషన్‌కు చేరారు. అలవాట్ల గురించి అడిగితే ఏమీ లేవన్నారు. ఆయన రక్తం మా దగ్గరికి వచ్చింది. ఎర్ర రక్తకణాల సగటు పరిమాణం, అంటే ఎంసీవీ, 103 ఉంది, మామూలుగా 100 దాటకూడదు. కాలేయ పరీక్షల్లో జీజీటీ అనే ఎంజైమ్ మామూలు హద్దుకు నాలుగింతలుంది. రెండూ కలిసి పెరిగితే చాలాకాలంగా తాగుతున్నారేమోనని అనుమానించాలి. రెండూ వేర్వేరు కాగితాల మీద ఉన్నాయి, రెండింటి మీదా నేనే సంతకం చేశాను. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసి వార్డుకు ఒక ఫోను చేసి ఉండాల్సింది. చెయ్యలేదు. మంగళవారం ఆపరేషన్ సవ్యంగా జరిగింది. బుధవారం తెల్లవారుజామున ఆయన ఒళ్ళంతా వణుకుతూ, చెమటతో తడిసిపోయి, గోడ మీద పురుగులు పాకుతున్నాయని కేకలు వేస్తూ, సెలైన్ గొట్టం పీకేసి, కుట్ల మీద బరువు పడేలా మంచం దిగబోయారు. అప్పుడు ఆయన భార్య ఏడుస్తూ డ్యూటీ డాక్టరుతో, "టెస్టుల్లో పడకూడదని ఆదివారం రాత్రి నుంచి ముట్టుకోలేదండీ, అంతకుముందు పదిహేనేళ్ళుగా రోజూ తాగేవారు" అన్నారు.

దీన్నే డెలీరియం ట్రెమెన్స్ అంటారు. మద్యానికి అలవాటుపడిన మెదడు, అది మెదడును అణచే ప్రభావాన్ని తట్టుకోవడానికి తన ఉద్రేకాన్ని ఎల్లప్పుడూ పెంచి ఉంచుకుంటుంది. ఆ అణచివేత ఒక్కసారిగా తొలగితే పెరిగిన ఉద్రేకం అదుపు తప్పుతుంది. చివరిసారి తాగిన 6 నుంచి 24 గంటల్లో వణుకు, ఆందోళన, నిద్రలేమి మొదలవుతాయి. మూర్ఛలు సాధారణంగా మొదటి రెండు రోజుల్లో వస్తాయి. డెలీరియం రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య వస్తుంది, సకాలంలో చికిత్స అందకపోతే ప్రాణం తీస్తుంది. పరీక్షలో "శుభ్రంగా" కనిపించాలని లెక్కవేసి మానేసే ఆ రెండు మూడు రోజులూ, సరిగ్గా ఈ ప్రమాదం ముంచుకొచ్చే రోజులే.

ముందే తెలిసి ఉంటే ఇది నివారించగలిగే స్థితి. లోరజెపామ్, డయజెపామ్ వంటి మందులను తగిన మోతాదులో ముందుగానే మొదలుపెడతారు, అవి వైద్యుల కళ్ళ ముందు తీసుకోవలసినవి. గ్లూకోజ్ సెలైన్ ఎక్కించే ముందు థయమిన్, అంటే బి1 విటమిన్, ఇస్తారు, ఎందుకంటే దీర్ఘకాలంగా తాగేవారిలో అది లోపించి మెదడుకు శాశ్వతంగా నష్టం జరగవచ్చు. అత్యవసరం కాని ఆపరేషన్ అయితే కొన్ని వారాలు వాయిదా వేసి, ఆ గడువులో పర్యవేక్షణతో మాన్పిస్తారు. ఆ పెద్దాయన ఐసీయూలో వారం ఉండి బతికారు. అలాంటివారిలో కొందరు బతకలేదు. మత్తు డాక్టరు అడిగినప్పుడు మీరు చెప్పవలసినవి నాలుగే: ఏం తాగుతారు, రోజుకు ఎంత, ఎన్నేళ్ళుగా, చివరిసారి ఏ రోజు ఎన్ని గంటలకు. ఇదివరకు మానినప్పుడు వణుకుగాని మూర్ఛగాని వచ్చి ఉంటే అది తప్పకుండా చెప్పండి. ఇంట్లోవాళ్ళ ముందు చెప్పడం ఇబ్బందిగా ఉంటే, వాళ్ళను కాసేపు బయట ఉండమని డాక్టరునే అడగండి, ఎవరూ తప్పుపట్టరు.

మిగిలిన అపోహలకు ఎక్కువ మాటలు అనవసరం. కాఫీ, చన్నీటి స్నానం, వ్యాయామం, వాంతి చేసుకోవడం, ఇవేవీ రక్తంలోకి చేరిన మద్యాన్ని కాలేయం విరిచే వేగాన్ని పెంచవు. నీళ్ళు విపరీతంగా తాగితే మూత్రం పలచబడుతుంది, మూత్రంలో మామూలుగా ఉండే క్రియాటినిన్‌ను కొలవగానే ఆ సంగతి బయటపడి మళ్ళీ నమూనా అడుగుతారు. మౌత్‌వాష్ పుక్కిలించాక శ్వాస పరీక్షలో వచ్చే అంకె నోటి తడిలోని మద్యానిది, పదిహేను నిమిషాలు ఆగి ఊదితే అది పోతుంది. బీరులోని మద్యమూ విస్కీలోని మద్యమూ ఒకటే పదార్థం, లెక్కకు వచ్చేది గ్రాములు మాత్రమే.

చివరగా, అసలు తాగకుండానే పాజిటివ్ వచ్చినవారి గురించి చెప్పాలి, ఎందుకంటే వాళ్ళ బాధ నేను దగ్గరగా చూశాను. మధుమేహం ఉన్న ఒకావిడ, జీవితంలో మద్యం రుచి చూడని మనిషి, మూత్రంలో ఆల్కహాల్ ఉందన్న రిపోర్టు పట్టుకుని మా గది ముందు నిలబడి మాట రాక వణికిపోయారు. ఆవిడ మూత్రంలో చక్కెర ఎక్కువగా ఉంది, ఈస్ట్ ఇన్ఫెక్షన్ కూడా ఉంది, పైగా నమూనా ఫ్రిజ్‌లో పెట్టకుండా గంటల తరబడి బయటే ఉంది. ఆ చక్కెరను ఈస్ట్ పులియబెట్టి సీసాలోనే ఆల్కహాల్ తయారుచేసింది. అదే నమూనాలో ఇథైల్ గ్లూకురోనైడ్ చూస్తే లేదు. కాలేయం గుండా వెళ్ళని ఆల్కహాల్‌కు ఆ ఆనవాలు ఉండదు. మూత్రంలో బ్యాక్టీరియా ఉంటే ఆ ఆనవాలును కూడా తినేయగలదు కనుక, దానికి లొంగని మరో ఆనవాలు ఇథైల్ సల్ఫేట్‌ను కూడా చూశాము, అదీ లేదు. అప్పుడు పులియడాన్ని ఆపే సోడియం ఫ్లోరైడ్ వేసిన సీసాలో కొత్త నమూనా తీసుకుని వెంటనే పరీక్షించాము. ఇలాంటి రిపోర్టు మీ చేతికి వస్తే గొడవపడకుండా, భయపడకుండా, నమూనా ఎలా నిల్వ చేశారో అడగండి, పదార్థాలను విడదీసి గుర్తించే గ్యాస్ క్రొమటోగ్రఫీతో నిర్ధారణ చేయమని, ఈ రెండు ఆనవాళ్ళనూ చూడమని రాతపూర్వకంగా కోరండి. ఆవిడ రెండో నమూనాలో ఆల్కహాల్ సున్నా వచ్చింది.